మూడో పిలుపు

పోయిన వారం, ఈశ్వరరావు తన ఫోనులో ఒక ఫొటో తీసి అచ్చియమ్మ చేతికిచ్చి "మా అమ్మండీ. నా జీతం సభకి తనూ వస్తానంటంది" అన్న దగ్గర ఆగాం. ఆ ఫొటోలో ఉన్నది సోమలమ్మ. అచ్చియమ్మకి సొంత చెల్లెలు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట జ్వరమొచ్చి చచ్చిపోయిందని అచ్చియమ్మ తన అత్తవారి ఊరంతటికీ చెప్పుకున్న చెల్లెలు. "బావుంది బాబూ, తీసుకురా" అని ఫోను తిరిగిచ్చేసింది అచ్చియమ్మ. ఆ తరవాత ఎనిమిది రోజులు ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఈరోజు సభ.

అచ్చియమ్మ అత్తవారి ఊరు నీలంగరువు, నర్సీపట్నం నుంచి షేర్ ఆటోలో అరగంట దూరం. వరి, చెరకు అన్ని ఊళ్ళకీ ఉన్నట్టే ఈ ఊరికీ ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరికీ లేనిది ఒక చేదతాడు. పంచాయతీ కార్యదర్శి జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఊరు దాని జోలికి పోదు. కానీ మోటారు తిప్పే మనిషి, కరెంటు చూసే మనిషి, కాలవలు తీసేవాళ్ళు, నీళ్ళ పథకం సూపర్‌వైజరు, వీళ్ళ జీతాలు ఊరి పన్నుల్లోంచి వెళ్ళేవి. వాటిని ఊరే ఖాయం చేస్తుంది. జీతం తీసుకునే మనిషి ఏడాదికోసారి ఆఫీసు మెట్ల మీద నిలబడి తను చేసిన పని తన నోటితో చెప్పాలి. జనం అడిగినదానికి జవాబివ్వాలి. ఆ తరవాత చేతులెత్తుతారు. ఊరు తేల్చినదానికే మెంబర్లు సంతకాలు పెడతారు.

ఇరవై రెండేళ్ళ కిందట మొదటిసారి జరిగినప్పుడు అప్పటి మోటారు ఫిట్టరు బావమరుదులు ముగ్గురూ రెండేసి చేతులెత్తారు. కొట్లాట అయింది. అప్పుడు అచ్చియమ్మకి ముప్ఫై ఆరేళ్ళు. నూతి దగ్గరికి నడిచి వెళ్ళి, గిలక మీంచి చేదతాడు ఊడదీసి తెచ్చి, జనం మధ్య నేల మీద పరిచింది. "సుట్టాలు అటు కూకోండి. ఇనండి, సూడండి. సెయ్యి మాత్రం ఎత్తకండి" అంది. ఆ రోజు నుంచి తాడు పరవడం, చుట్టాల్ని దాటమని పిలవడం ఆమె పని అయింది. ఎవరూ ఆమెకి అప్పజెప్పలేదు. ఎవరూ కాదనలేదు.

ఈ ఉదయం కూడా తనే తాడు విప్పి తెచ్చింది. గర్వం తన ఒంట్లో ఎక్కడుంటుందో అచ్చియమ్మకి తెలుసు. మెడ వెనక, జుట్టుముడి కింద. తాడు పరిచి నిలబడగానే అక్కడ ఏదో నిటారుగా అయ్యేది. ఏడాదికి ఒక్క రోజు వచ్చే ఆ బిగువు కోసమే మిగతా రోజులు బతికేదాన్నేమోనని ఈ ఎనిమిది రోజుల్లో ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. కోపం వచ్చిందంటే అది నిజమేనన్నమాట.

సర్పంచి రమణబాబు టెంటు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నలభై దాటినవాడు, మాట మెత్తన.

"పిన్నీ, ఈ ఏడుతో ఈ తాడు సుట్టీసి లోపలెట్టీద్దాం."

"ఏం, ఎలకలు కొరికీసినాయా?"

"నవ్వకే. మనిషిని మెట్ల మీద నిలబెట్టి, ఊరంతా కూకుని సూడ్డం ఏటి? మెంబర్లం పదిమందిమి గదిలో కూకుంటే పావుగంటలో అయిపోద్ది."

"పావుగంటలో అయిపోద్దనే నా బయ్యం."

"ఈరోజు ఆఖర్న ఊరినే అడుగుతాను. తాడు ఉండాలా వద్దా అని. సూపర్‌వైజరు జీతం తేలిపోయాక."

"అడుగు. ఊరిని అడగడానికి తాడు అడ్డొచ్చిందేటి ఎప్పుడైనా?"

రమణబాబు నవ్వలేదు. అతని తండ్రి ఈ పంచాయతీలోనే బిల్లు కలెక్టరుగా చేశాడు. ఒక ఏడు మెట్ల మీద మాట తడబడి, జీతం పెరగక, ఇంటికి వెళ్ళి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు రమణబాబు కాలేజీ కుర్రాడు. అది గుర్తుండే అతని మాటకి అచ్చియమ్మ ఎప్పుడూ కోపం తెచ్చుకోదు. అతనికి ఈ తాడంటే ఇష్టం లేకపోవడం వెనక ఒక మనిషి మొహం ఉంది. అది న్యాయమే అనుకుంటుంది. ఈరోజు ఇంకోటి కూడా అనుకుంది. ఇష్టం ఉండడం వెనక నాకు ఎవరి మొహం ఉంది?

తొమ్మిదింటికి జనం నిండారు. పుష్పవతి పుస్తకం, పెన్ను పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆమె కుట్టుమిషను నడుపుకుంటూ డిగ్రీ చదివిన పిల్ల. నాలుగేళ్ళుగా చేతులు లెక్కపెట్టి రాసేది ఆమే. అచ్చియమ్మ తరవాత తాడు ఆమెదేనని ఊరు అనుకుంటుంది.

మొదట కాలవలు తీసే జోగులమ్మ మెట్లెక్కింది. ఆమె మొగుడు, ఇద్దరు కోడళ్ళు తాడు దాటి, అటుపక్క పరిచిన చాప మీద కూర్చున్నారు.

"నా పని నన్ను సెప్పమంటారేటి? మీ ముక్కులే సెప్తాయి" అంది జోగులమ్మ నడుం మీద చేతులేసుకుని. "ఈ వానాకాలం ఒక్కడైనా ముక్కు మూసుకుని నడిసినాడా?"

"నాను నడిసినాను, మా ఈది సివర" అన్నాడు చిట్టిరాజు.

"అది నీ బీడీ కంపు బావా. నా కాలవది కాదు."

టెంటు కింద నవ్వులు దొర్లాయి. చిట్టిరాజు కూడా నవ్వాడు.

"నవ్వండి, పరవానేదు. సేతులకి తొడుగులిచ్చినారు. మగోళ్ళ సైజు. అయి ఏసుకుంటే పార జారిపోతంది. ఒట్టి సేతుల్తో తీసినాను. సూడండి." ఆమె రెండు అరచేతులూ ముందుకి చాపింది. ఎవరూ నవ్వలేదు. "నెలకి ఎయ్యి పెంచండి. నా సైజు తొడుగులు ఇప్పించండి. అంతే నా మాట."

చేతులు లేచాయి. చాప మీద ఆమె మొగుడు తన చేతులు తొడల కింద పెట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా జనాన్ని చూస్తున్నాడు. పుష్పవతి లెక్క చదివింది. జోగులమ్మ మెట్లు దిగుతూ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటూ కూడా తల దించలేదు. ఈ ఊళ్ళో కాలవలు తీసే మనిషి తల దించకుండా మెట్లు దిగుతుందని అచ్చియమ్మ ప్రతి ఏడూ చూస్తుంది. ప్రతి ఏడూ అదే చోట, మెడ వెనక, ఆ బిగువు. గదిలో పావుగంటలో తేల్చే జీతానికి ఈ మెట్లు దిగడం ఉండదు. రమణబాబుకి ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకి ఇరవై ఏళ్ళుగా తెలియలేదు.

తరవాత ఈశ్వరరావు.

నీళ్ళ పథకం సూపర్‌వైజరు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఐటీఐ చదివాడు. కొయ్యూరు అవతలి ఊరి నుంచి వచ్చాడు. ఎనిమిది నెలల కిందట ఈ ఉద్యోగానికి ఇద్దరు నిలబడితే, ఊరు అరవై మూడు చేతులకి అరవై నాలుగు చేతులతో ఇతన్ని ఎంచుకుంది. లెక్కలో ఆఖర్న పడ్డ ఆ అరవై నాలుగోది అచ్చియమ్మ చెయ్యి. ఆరోజు అతను వాల్వు గురించి వివరిస్తూ ఒక మాట దొరక్క, బొటనవేలి వెనక భాగంతో ఎడమ కనుబొమ్మ రుద్దుకున్నాడు. పని తెలిసినవాడు అనుకుంది అచ్చియమ్మ అప్పుడు. ఎందుకలా అనుకుందో తనని తను అడగలేదు.

"ఈశ్వరరావుకి రక్తం ఉన్నోళ్ళు, పెళ్ళి ఉన్నోళ్ళు, పెంపకం ఉన్నోళ్ళు, తాడు దాటండి" అంది అచ్చియమ్మ. మొదటి పిలుపు. పిలుపులు మూడు. మూడోది అయ్యాక ఎవరూ కదలకూడదు.

వెనక వరసలోంచి ఒకామె లేచింది. పసుపురంగు చీర, చేతిలో గుడ్డసంచి. పొద్దున్నే బస్సెక్కి నర్సీపట్నంలో దిగి, ఆటో పట్టుకుని వచ్చిన మనిషి. నెమ్మదిగా నడిచి, తాడు తొక్కకుండా జాగ్రత్తగా దాటి, అంత పెద్ద చాప మీద ఒక్కతీ కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి అచ్చియమ్మ వైపు చూసింది. బస్సులో ఎదురు సీటు మనిషిని చూసి చూపు తిప్పుకున్నట్టు తిప్పుకుంది.

"పాపం, ఒక్కర్తే" అంది ఎవరో.

సోమలమ్మ ఇరవై రెండేళ్ళప్పుడు, సంతకి అడ్డాకులు తెచ్చే దేవుళ్ళు అనే కుర్రాడి వెంట కొండకి వెళ్ళిపోయింది. కొండవాడితో వెళ్ళిపోయిందని తండ్రి ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. కొన్నాళ్ళకి తల్లికి బాగోలేదని తెలిసి చూడ్డానికి వచ్చింది. ఆరోజు అచ్చియమ్మ పుట్టింట్లోనే ఉంది. తండ్రి పెరట్లో ఉన్నాడు. ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. తనే లేచి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. బయట చెల్లెలు కాసేపు నిలబడి, పిలవకుండానే వెళ్ళిపోయింది. అత్తవారింటికి తిరిగొచ్చాక ఎవరో అడిగితే, పోయిందని చెప్పింది. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

"రక్తం ఉన్నోళ్ళు, పెళ్ళి ఉన్నోళ్ళు, పెంపకం ఉన్నోళ్ళు, తాడు దాటండి."

రెండో పిలుపు. ఎవరూ లేవలేదు.

ఆరేళ్ళ కిందట ఇక్కడే చిట్టిరాజు దాటనని కూర్చున్నాడు. కరెంటు పని చేసే మత్స్యలింగం అతని తమ్ముడు. పొలం గట్టు తగాదాలో ఇద్దరికీ మాటలు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. "ఆడు నాకు తమ్ముడు కాదు, నాను ఆడికి అన్నా కాదు. నాను సెయ్యెత్తుతాను" అన్నాడు చిట్టిరాజు. జనం కూడా అవునన్నారు. అచ్చియమ్మే ఒప్పుకోలేదు. "మాటల్లేకపోతే రక్తం మారిపోద్దేటి? దాటు" అంది. అతను దాటి, తమ్ముడికి వీపు చూపించి కూర్చున్నాడు. మత్స్యలింగం మెట్ల మీద నిలబడి, తుపాను రాత్రి స్తంభం ఎక్కిన సంగతి చెప్పాడు. చిట్టిరాజు ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాడు. వింటూ వింటూ కొంచెం కొంచెంగా ఇటు తిరిగాడు. అచ్చియమ్మ అన్న ఆ ఒక్క మాట ఊళ్ళో చాలా రోజులు తిరిగింది. తిరిగినప్పుడల్లా ఆమె విననట్టు నడిచేది, వినడం కోసం నెమ్మదిగా.

ఇప్పుడు ఆ మాట తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

దాటకపోతే ఎవరికీ తెలియదు. చెల్లెలు చెప్పదు, ఆ చూపే చెప్పింది. ఈశ్వరరావుకి తెలియదు. సభ నడుస్తుంది, జీతం తేలుతుంది, ఆఖర్న రమణబాబు అడిగినప్పుడు ఊరు తాడు ఉండాలనే అంటుంది. దాటితే ముప్ఫై ఏళ్ళ అబద్ధం తాడంత పొడుగున నేల మీద పరుచుకుంటుంది. అబద్ధాల మనిషి పరిచిన తాడుకి ఎవరు చెయ్యెత్తుతారు? తాడు నిలవాలంటే తాడుని మోసం చెయ్యాలి. ఈ లెక్క ఆమె ఎనిమిది రోజులుగా వేస్తోంది. ప్రతిసారీ ఒకే జవాబు వస్తోంది. ప్రతిసారీ ఆ జవాబు తన గొంతుతో కాక, తలుపు గడియ పడిన చప్పుడుతో వస్తోంది.

మెట్ల మీద ఈశ్వరరావు చొక్కా సర్దుకుని తల్లి వైపు చూశాడు. ఆమె చిన్నగా తలూపింది, నిటారుగా నిలబడు అన్నట్టు.

"రక్తం ఉన్నోళ్ళు" అంది అచ్చియమ్మ. "పెళ్ళి ఉన్నోళ్ళు. పెంపకం ఉన్నోళ్ళు. తాడు దాటండి."

అని, తనే దాటింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తాడు సర్దుతోందనుకున్నారు.

"పెద్దమ్మా, అటెల్లిపోతన్నావేటి? అటు సుట్టాలు కదేటి" అన్నాడు చిట్టిరాజు.

"సుట్టాన్నే."

"ఎవరికి?"

"ఈడికి." మెట్ల మీదికి చెయ్యి చూపించింది. "ఈవిడ సోమలమ్మ. నా సెల్లెలు. ఈడు నా సెల్లెలి కొడుకు."

"ఓలమ్మ! నీ సెల్లెలు సచ్చిపోయిందన్నావు కదే" అంది జోగులమ్మ.

"సచ్చిపోనేదు. నానే సంపీసినాను, నోటితో." అచ్చియమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "అమ్మకి బాగోనేదని సూడ్డానికొత్తే తలుపు గడియెట్టింది నాను. ఎవరూ ఎట్టమన్నేదు. సచ్చిపోయిందని మీకు సెప్పింది నాను. తప్పు తాడుది కాదు. నాది."

చెప్పేశాక ఒక వింత జరిగింది. మెడ వెనక ఆ బిగువు పోతుందనుకుంది. పోలేదు. ఇంకొంచెం కింద, గుండెల దగ్గర ఎక్కడో మళ్ళీ కుదురుకుంది. ఇన్నేళ్ళూ జనం చూస్తుంటే ఉండేది అది. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడకుండా కూడా ఉంది.

చిట్టిరాజు లేచి నిలబడ్డాడు. ఏదో వేళాకోళం చేస్తాడనుకున్నారు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆరేళ్ళ కింద నన్ను దాటించీసినప్పుడు, రేతిరంతా నిన్ను తిట్టుకున్నాను పెద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడు సరిపోయింది." కూర్చున్నాడు.

ఈశ్వరరావు మెట్ల మీద రాయిలా నిలబడి తల్లిని చూస్తున్నాడు. "అమ్మా, ఏటిది?"

సోమలమ్మ సంచి పక్కన పెట్టింది. లేవలేదు. అచ్చియమ్మ వైపు తిరగలేదు. సర్పంచితో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"బాబూ, నాకూ ఒక అప్పుండీది. తలుపేసుకుని లోపలే ఉండిపోయింది. మరి బయటికి రానేదు. ఈవిడెవరో నాకు తెలీదు. ఆవిణ్ణి తాడుకి అవతలే కూకోమనండి."

ఆ మాట అచ్చియమ్మకి తగలాల్సిన చోటే తగిలింది. ఆ దెబ్బ వెనకాలే, సిగ్గు పడాల్సినంత స్పష్టంగా, ఇంకోటి. నా చెల్లెలే. ఇలా మాట్లాడగలిగింది నా చెల్లెలే.

రమణబాబు ముందుకొచ్చాడు. అతని మొహంలో గెలుపు లేదు. "పిన్నీ, ఆవిడ కాదంటంది కదా. ఇటొచ్చీ. ఎందుకీ..."

"తాడు ఆవిణ్ణి అడగనేదు రమణబాబూ. నన్నడిగింది."

చాపకి ఈ చివర కూర్చుంది. ఆ చివర సోమలమ్మ. మధ్యలో ముగ్గురు పట్టే చోటు. అచ్చియమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తాడు ఇవతల నుంచి సభ ఎలా కనిపిస్తుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. అందరి మొహాలూ ఎదురుగా ఉన్నాయి. మెట్లు దగ్గరగా ఉన్నాయి, తను అనుకున్నదానికంటే ఎత్తుగా ఉన్నాయి.

సభ నడిపే మనిషి లేదు. జనం చూపులు ఒకటొకటిగా పుష్పవతి మీదికి వెళ్ళాయి. ఆమె పుస్తకం పట్టుకుని లేచింది. తాడు దగ్గరికి వచ్చి, అచ్చియమ్మ ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. పేజీలు వెనక్కి తిప్పింది. ఒక చోట వేలు ఆపింది. ఆ వేలు ఎక్కడ ఆగిందో అచ్చియమ్మకి చూడకుండానే తెలుసు.

"జీతం కన్నా ముందు ఒకటి తేలాలి" అంది పుష్పవతి. "ఎనిమిది నెలల కింద ఈయన్ని ఎంచుకున్నది ఒక్క సెయ్యి తేడాతో. ఆ సెయ్యి నీది పెద్దమ్మా. సుట్టమని తెలిసి ఎత్తిన సెయ్యి సెల్లదు. ఆ రూలు నువ్వు సెప్పిందే. అది సెల్లకపోతే అటూ ఇటూ సమానమే, ఈయనకి ఉద్యోగమే తేలనట్టు, ఇంక జీతం ఏటి?"

ఎవరో "ఓలబ్బ" అన్నారు. ఈశ్వరరావు ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కాడు.

"అడగాలి కాబట్టి అడుగుతున్నాను" అంది పుష్పవతి. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "ఈయన నీ సెల్లెలి కొడుకని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఎనిమిది రోజులు. అది నిజం. ఫొటో ఉంది, ఈశ్వరరావు సాక్షిగా ఉన్నాడు, ఊరంతా నమ్ముతుంది. పిల్లాడి ఉద్యోగం నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మెట్ల మీద ఈశ్వరరావు ఏం చెయ్యాలో తెలియక, బొటనవేలి వెనక భాగంతో ఎడమ కనుబొమ్మ రుద్దుకున్నాడు. అచ్చియమ్మ చూపు తిప్పుకుంది. చాప ఆ చివర సోమలమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమె బొటనవేలు కూడా ఎడమ కనుబొమ్మ మీదే ఉంది. చిన్నప్పుడు ఎక్కాలు మరిచిపోయినప్పుడు పెట్టుకున్నట్టు, అలాగే.

ఎనిమిది నెలల కిందట తన చెయ్యి ఎందుకంత వేగంగా లేచిందో, అప్పుడు తెలుసుకోకుండా ఉండడానికి తను ఎంత కష్టపడిందో, అచ్చియమ్మకి ఇప్పుడు కనిపించింది.

పుష్పవతి పెన్ను మూత తీసి నిలబడింది. ఇలా అడగాలని ఆ పిల్లకి నేర్పింది తనే. బాగా నేర్చుకుంది.

అచ్చియమ్మ తలెత్తి, గొంతు సవరించుకుంది.